ఎర్రదారం కట్టిన జిలెటిన్ మూట

జిలెటిన్ పొడిని అరచేతిలో వేసుకుంటే ముతక చక్కెరలా ఉంటుంది, కాస్త పసుపు రంగులో. రుచి లేదు. వాసన దాదాపు లేదు. చన్నీళ్ళలో వేస్తే కరగదు, నీళ్ళు తాగి ఉబ్బుతుంది. వేడి తగిలితే కరుగుతుంది, చల్లారితే గడ్డకడుతుంది. ఏ జంతువు తోలుతో చేశారు, ఏ జంతువు ఎముకతో చేశారు అని అడిగితే మాత్రం అది చెప్పదు. చెప్పవలసింది మనిషే. అలా చెప్పే మనిషిగా నేను కువైట్‌లో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను.

ఇప్పుడు రాయచోటిలో ఉంటున్నాను. ఆహార పరిశ్రమల చదువులు చదివి గల్ఫ్‌కు వెళ్ళబోయే పిల్లలు నమాజు అయ్యాక మసీదు మెట్ల దగ్గర నన్ను పట్టుకుంటారు. ఇంటర్వ్యూలో ఏమడుగుతారు, ఏ సర్టిఫికెట్ ఉంటే మంచిది అంటారు. ఆ సంగతులు నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. వాళ్ళకు తెలియనిది, నాకు తెలిసింది ఒకటి ఉంది. దాన్ని నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. నా తప్పు వల్ల నేర్చుకున్నాను. అది రాయడానికే కూర్చున్నాను. ఇందులో నిజం మాత్రమే రాసే శక్తి అల్లాహ్ నాకు ఇవ్వాలి.

నారింజ వాసన

మా ఫ్యాక్టరీ సబ్హాన్ పారిశ్రామికవాడలో ఉండేది. ఒక పక్క టైర్ల గోదాము, ఇంకో పక్క అల్యూమినియం తలుపులు చేసే షెడ్డు. నడుమ మేము. జెల్లీ పొడి ప్యాకెట్లు, పిల్లలు తినే మెత్తటి మిఠాయిలు, కేకుల మీద పూసే మెరుపు పూత చేసేవాళ్ళం. పొద్దున ఆరున్నరకు బస్సు దిగితే రబ్బరు వాసన కొట్టేది. గేటు దాటితే చాలు, నారింజ ఎసెన్సు వాసన. యాభై డిగ్రీల ఎండలో ఆ వాసన ఎవరో చల్లటి చేయి మొహాన పెట్టినట్టు ఉండేది. ఇప్పటికీ ఏ బేకరీ ముందో ఆ వాసన తగిలితే నా కాళ్ళు ఒక క్షణం ఆగుతాయి.

మేముండేది రిగ్గైలో. శుక్రవారం జుమా అయ్యాక మా గదిలోనే జమాత్ కూర్చునేది. కడప, రాయచోటి, మదనపల్లె వాళ్ళం ఇరవై మంది దాకా. దర్జీ ఖాదర్ సాహెబ్ మాకు పెద్ద. ఆయన అరబ్బీలో చదివి, ఉర్దూలో అర్థం చెప్పి, ఆఖరున ఉర్దూ సరిగా రాని మా పల్లెల వాళ్ళ కోసం తెలుగులో చెప్పేవాడు. నేను చిన్నప్పుడు మదరసాలో కంఠస్థం చేసిన మాటలే అవి. అయినా ఆయన తెలుగులో చెప్పినప్పుడే నాకు గుచ్చుకునేవి. ఒక శుక్రవారం ఆయన, నలుగురిని నవ్వించడానికి అబద్ధమాడినా అది అబద్ధమేనని, దేవుడి లెక్కలో తమాషా అనే గడి వేరే లేదని చెప్పాడు. అందరం తలలూపాం. నేను అందరికంటే గట్టిగా ఊపాను.

ఎందుకంటే ఆ గదిలో హలాల్, హరాం విషయంలో నా మాటే ఆఖరు మాట. జనం చాక్లెట్ కాగితాలు, బిస్కెట్ పెట్టెలు, చివరికి మందు బిళ్ళల డబ్బాలు కూడా తెచ్చి నా ముందు పెట్టేవాళ్ళు. గొట్టం బిళ్ళల, అంటే క్యాప్సూళ్ళ, పైతొడుగు జిలెటినే. ఆ రోజుల్లో కెమెరా రీలు మీద పూతలోనూ జిలెటినే. ఒకాయన పెళ్ళి ఫొటోలు తీయించుకోవచ్చా అని నిజంగానే అడిగాడు. ఫొటోను తినకపోతే చాలని చెప్పాను.

అనాసపండు నేర్పింది

మా ప్రొడక్షన్ మేనేజర్ పాలస్తీనా ఆయన. అందరూ అబూ సమీర్ అనేవాళ్ళు. నోట్లో సిగరెట్ ఉండని వేళ నమాజు వేళ ఒక్కటే. నేను పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. సప్లయర్ పంపిన కాగితం సప్లయర్ మాట, మూట విప్పి చూశాక నువ్వు పెట్టే సంతకం నీ మాట, రెండూ ఒకటి కావు అనేవాడు.

నేను చేరిన కొత్తలో కఫీల్, అంటే మా వీసాలకు పూచీ పడే యజమాని, ఇంట్లో పెద్ద విందు వచ్చింది. పచ్చి అనాస ముక్కలు వేసి జెల్లీ చెయ్యమన్నాడు అబూ సమీర్. పచ్చి అనాసలో ఉండే రసం జిలెటిన్‌ను విరిచేస్తుంది, గడ్డకట్టనివ్వదు. ముక్కలను ముందు ఉడికించాలి. అది నాకు తెలుసు. కానీ కొత్తవాణ్ణి, ఆయన పెద్ద, పైగా ఆ రోజు కోపంగా ఉన్నాడు. నోరు మూసుకున్నాను. సాయంత్రానికి గిన్నెలన్నీ షర్బత్తులాగే ఉన్నాయి. అబూ సమీర్ కఫీల్ ముందు తప్పంతా తనదేనని ఒప్పుకొని వచ్చి, నన్ను ల్యాబులోకి పిలిచి తలుపేశాడు.

"నీకు ముందే తెలుసా, తెలియదా?"

తెలుసన్నాను.

"అయితే ఈ తప్పు నాది కాదు. నీది."

అంతే అన్నాడు. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మంచి బాసు అంటే ఎవరని నన్నడిగితే ఆ రోజు కఫీల్ ముందు ఆయన వంచిన తల గుర్తొస్తుంది. కానీ నేను ఆ పాఠం సగమే నేర్చుకున్నాను. పైవాడి ముందు నోరు విప్పాలని నేర్చుకున్నాను. కిందివాడికి కూడా నిజం చెప్పాలని నాకు తట్టలేదు.

ఒకే పేరు, రెండు వస్తువులు

ఓబులేసు మా గోదాముకు వచ్చింది ఇరాక్ సైన్యం రావడానికి రెండు నెలల ముందు. మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గర పల్లె ఆయనది. కువైట్‌కు రాకముందు పన్నెండేళ్ళు క్వారీల్లో పని. బండకు బెజ్జం కొట్టి మందు కూరడం. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. నాకంటే పదేళ్ళు పెద్ద. అయినా నన్ను సాబన్నా అనేవాడు, నేను ఓబులేసన్నా అనేవాణ్ణి.

మొదటి రోజు లారీ వచ్చింది. జిలాతీన్ మూటలు దించమని అబూ సమీర్ కేక వేశాడు. అరబ్బీలోనూ దాదాపు అదే మాట. చాచిన చేతులు ఓబులేసు వెనక్కి తీసుకున్నాడు.

"సాబన్నా, ఏం మూటలంటాండాడు ఆయప్ప?"

"జిలెటిన్ అన్నా."

"మూటలకు మూటలా? ఇట్ల లారీలో ఏసుకొచ్చినారే. ఈళ్ళకేమన్నా పిచ్చా?"

నాకు అప్పుడు అర్థమైంది. మా కడప సీమలో క్వారీలు తెలిసినవాడికి జిలెటిన్ అంటే ఒకటే, బండలు పేల్చే కడ్డీ. పేలే మందును జిగురు ముద్దలా చేస్తారు కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. మా జిలెటిన్‌కూ దానికీ పేరులో తప్ప పోలిక లేదు. ఈ మాట చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. నేను చెప్పలేదు. చుట్టూ నలుగురు మన పక్కవాళ్ళు ఉన్నారు, నవ్వడానికి సిద్ధంగా. ఆయన యాసలోనే అన్నాను.

"అవునన్నా, మెల్లగా దించు. గెట్టిగా పడితే పేల్తాది. సబ్హాన్ సబ్హానే లేసిపోతాది."

అందరూ నవ్వారు. ఓబులేసు నవ్వలేదు. జేబులోంచి బీడీ కట్ట, అగ్గిపెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఒక్కొక్క మూటను పురిటి బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని, అడుగులో అడుగు వేసుకుంటూ పోయి, నేల మీద చప్పుడు కాకుండా ఆనించాడు.

సాయంత్రం నిజం చెబుదామనుకున్నాను, మరిచిపోయాను. మర్నాడు అబూ సమీర్ వచ్చి, ఈ లారీలో ఒక్క మూట కూడా చినగలేదే, ఎవరు దించారని అడిగాడు. తమాషా చెప్పాను. పొగ గొంతులో అడ్డం పడి దగ్గేదాకా నవ్వి, అతనికి చెప్పకు అన్నాడు. అలా రెండు నెలలు గడిచాయి.

నా మనసులో ఇంకో సంగతి కూడా ఉంది, అదీ రాస్తాను. మా మంచి మూటలన్నీ ఆవు, ఎద్దు తోళ్ళ జిలెటిన్. ఓబులేసుకు నిజం చెబితే, మరి ఇది దేనితో చేస్తారన్నా అని తప్పకుండా అడిగేవాడు. మాకు ఏది కూడదో చూడటానికి ఒక ఉద్యోగమే ఉంది, నాది. మూటలు మోసే హిందువులకు ఏది కూడదో చూసేవాడు ఎవడూ లేడు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళు అడగలేదు, మాకు పని జరిగిపోయేది. ఆ తమాషా నాకు సుఖంగా ఉండింది.

మా గోదాములో పద్ధతి ఏమిటంటే, పరీక్ష అయిన మూటకు తెల్లదారం, అనుమానం ఉన్న మూటకు ఎర్రదారం. చదువు రానివాడు కూడా పొరపాటు చేయకూడదని అబూ సమీర్ పెట్టిన పద్ధతి. జూలైలో కొత్త సప్లయర్ నుంచి ఆరు మూటలు వచ్చాయి. కాగితంలో ఏ జంతువో రాయలేదు. ఆరింటికీ ఎర్రదారం కట్టి, ఒక మూలకు చేర్చి, వాడరాదని అరబ్బీలో కాగితం అంటించాను. ఓబులేసు వచ్చి చూశాడు.

"ఇవి ఇంకా గెట్టిగా పేల్తాయా సాబన్నా?"

"కాదన్నా. పంది కలిసిందేమోనని అనుమానం. అదైతే మాకు కూడదు."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "మందులో పందికొవ్వు యాల కలుపుతారు?" అని తనలో తను అనుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ మాట ఆ రాత్రి గదిలో చెప్పి మళ్ళీ నవ్వించాను.

ఆ ఆగస్టు

సైన్యం వచ్చిన గురువారం సంగతి చాలామంది చెప్పారు, నేను మళ్ళీ చెప్పను. మా కఫీల్ కుటుంబంతో ఎండాకాలం సెలవులకు దేశం బయట ఉన్నాడు. ఫోన్లు ఇంకా పనిచేస్తున్న రోజుల్లో అబూ సమీర్‌తో మాట్లాడి, మన పనివాళ్ళ తిండికి గోదాములో ఉన్నది వాడుకోండి అని చెప్పాడట. అబూ సమీర్ తాళాలు నా చేతికిచ్చి తన పిల్లలను చూసుకోవడానికి వెళ్ళాడు. నేను, ఓబులేసు మూడు నాలుగు రోజులకొకసారి పగటిపూట సబ్హాన్‌కు పోయి చక్కెర, పాలపొడి తెచ్చి రిగ్గైలో గదులకు పంచేవాళ్ళం. దారిలో సైనికులు ఆపితే హిందీ అంటే చాలు, వదిలేసేవాళ్ళు. భారతీయులందరికీ అక్కడ అదే పేరు.

మూడోవారం అనుకుంటాను. మేము లోపల ఉండగానే మిలిటరీ లారీ వచ్చి గేటు దగ్గర ఆగింది. ఆరుగురు సైనికులు దిగారు. చక్కెర ఎక్కించుకున్నారు, పాలపొడి ఎక్కించుకున్నారు. మేము గోడ పక్కన నిలబడ్డాం. అంతవరకు ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. ఇంతలో ఒకడి కన్ను మూలనున్న ఆరు మూటల మీద పడింది. వేరుగా పెట్టి ఉన్నాయి, ఎర్రదారం కట్టి ఉంది, వాడరాదని రాసి ఉంది. వాడు తుపాకీ కొనకున్న కత్తితో పైమూటను పొడవబోయాడు.

ఓబులేసు నా పక్కనుంచి దూకి వాడి చేయి పట్టుకున్నాడు.

"వొద్దు వొద్దు! జిలెటిన్, జిలెటిన్! బూమ్!" అని, వేళ్ళు లేని చేయి పైకెత్తి చూపించాడు.

తన ప్రాణం కోసమే కాదు, ఆ సైనికుల ప్రాణాల కోసం కూడా ఆయన దూకాడు. అది వాళ్ళకు ఎలా తెలుస్తుంది? ఒక్క క్షణంలో అందరూ వెనక్కి గెంతారు. తుపాకులు మా మీదికి తిరిగాయి. మమ్మల్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, చేతులు తల వెనక పెట్టించి, కెప్టెన్‌ను పిలుచుకొచ్చారు. మందుగుండు దాచినవాళ్ళను ఏం చేస్తున్నారో ఆ రోజుల్లో కువైట్‌లో అందరికీ తెలుసు. అడగడాలు ఉండేవి కావు.

కెప్టెన్ నడివయసు మనిషి, గొంతు పెంచలేదు. మూటల్లో ఏముందని అడిగాడు. తినే సరుకు, జెల్లీ చేసే పొడి అని నా అరబ్బీలో చెప్పాను. మరి ఇతను బూమ్ అని ఎందుకన్నాడు? మా ఊళ్ళో క్వారీ మందుకు ఇదే పేరు, నేనొకసారి తమాషాకు ఇది పేలుతుందని చెప్పాను, నిజమనుకున్నాడు, అన్నాను. ఆయన నన్నే చూస్తూ, ఇలాంటి తమాషా ఎవరైనా చేస్తారా అని అడిగాడు.

"నిజంగా తినేదైతే చేసి చూపించు. నా ముందు తిను."

అలాగే అన్నాను. తెల్లదారం మూట ఒకటి చూపించి, ఇందులోంచి తీస్తానన్నాను. అదే నా రెండో తప్పు. కెప్టెన్ ఎర్రదారం వైపు వేలు చూపించాడు.

"దీంట్లోంచి. దీనికెందుకు భయపడుతున్నావు?"

పళ్ళెం

ల్యాబులో గ్యాసు ఉంది, ఫ్రిజ్ పనిచేస్తోంది. ఇద్దరు సైనికులు నా వెనక నిలబడ్డారు. ఓబులేసును తలుపు దగ్గర నేల మీద కూర్చోబెట్టారు.

ఉద్యోగంలో నేను జెల్లీ ఎన్నివేల సార్లు చేశానో లెక్కలేదు. అంత శ్రద్ధగా ఎప్పుడూ చేయలేదు. ముందు చన్నీళ్ళలో పొడి చల్లి ఉబ్బనివ్వాలి. తొందరపడి వేడినీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది. ఒక సైనికుడు త్వరగా మరిగించమని అరిచాడు. మరిగిస్తే జిలెటిన్ బలం పోతుంది. కుదరదన్నాను. అనాసపండు రోజున మూసుకున్న నోరు ఆ రోజు తుపాకీ ముందు తెరుచుకుంది. ఆ ఎండకు మూలన పడున్న మూట, చెమ్మ తగిలి ఉంటుందని భయపడి కొలతకంటే ఎక్కువ పొడి వేశాను. గడ్డకట్టకపోతే మేమిద్దరం ఆ గోడ దగ్గరికే తిరిగి వెళ్తాం. చక్కెర, రంగు, నారింజ ఎసెన్సు కలిపి, త్వరగా చల్లబడేలా స్టీలు పళ్ళెంలో పలచగా పోసి, మంచుగడ్డల అరలో పెట్టాను. ఆ ఇరవై నిమిషాలు నేను చేసిన దువా ఒకటే. నా అబద్ధానికి శిక్ష నాకు వెయ్యి, ఆయనకు వెయ్యకు.

గడ్డకట్టింది. పళ్ళెం ఊపితే వణికింది. సైనికుల్లో ఒకడు చిన్నగా నవ్వాడు. కెప్టెన్ చెంచా నా చేతికిచ్చాడు.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు, ఆశపడి కాకుండా, హద్దు మీరకుండా తిన్నవాడి మీద పాపం లేదని నాకు తెలుసు. ఆ సంగతి మీద జమాత్‌లో నేనే ఒక శుక్రవారం మాట్లాడాను. తెలిసినా చేయి లేవలేదు. అలవాటు కొద్దీ నోరు బిస్మిల్లా అనబోయింది. అనుమానపు తిండి మీద అల్లాహ్ పేరు ఎలా అనడం? సగంలో ఆగిపోయాను. చెంచా పళ్ళెం మీద ఆగిపోయింది. కెప్టెన్ కళ్ళు చిన్నవయ్యాయి.

ఓబులేసు లేచి వచ్చాడు. ఎవరూ ఆపకముందే నా చేతిలోని చెంచా తీసుకున్నాడు.

"ఎర్రదారం మూట కదన్నా. నీకు కూడదు. నేను తింటాలే."

తిన్నాడు. రెండు చెంచాలు, మూడు చెంచాలు. నమలకుండా, మందు మింగినట్టు మింగాడు. పళ్ళెంలో సగం అయిపోయేదాకా ఆగలేదు. తర్వాత చెంచా పళ్ళెంలో పెట్టి, మూతి తుడుచుకొని, నోరు తెరిచి కెప్టెన్‌కు చూపించాడు.

సైనికులు నవ్వారు. తుపాకులు కిందికి దిగాయి. గది నిండా నారింజ వాసన. వాళ్ళకు కూడా ఎన్ని రోజులైందో తీపి తిని. కెప్టెన్ కూడా నవ్వి, అదే చెంచా తీసుకొని పళ్ళెం వైపు వంగాడు.

ఇక్కడ నేను నోరు మూసుకొని ఉంటే అంతా అయిపోయేది. ఆయన తిని, మెచ్చుకొని వెళ్ళిపోయేవాడు. ఆయన మా మీద తుపాకీ పెట్టినవాడు, పరాయి దేశం దోచుకుంటున్నవాడు. ఆయన ఏం తింటే నాకేమి? ఆ మాట మనసులో వచ్చింది, దాచను. కానీ నేను ఆ ఉద్యోగంలో ఎందుకున్నానో కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఎదుటివాడు ఎలాంటివాడని చూసి లేబుల్ రాయం.

"సయ్యిదీ, తినకండి" అన్నాను. "అది పందిదేమోనని అనుమానం ఉంది. ఎర్రదారం అందుకే కట్టాను. నేను అందుకే తినలేకపోయాను. ఇతను నా బదులు తిన్నాడు."

కెప్టెన్ చెంచా వైపు, ఓబులేసు చేతి వైపు, నా వైపు చూశాడు. చెంచాను మెల్లగా కింద పెట్టాడు. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు ఎక్కడున్నాయని అడిగాడు. చూపించాను. కడుక్కున్నాడు.

వెళ్ళేముందు తలుపు దగ్గర ఆగి, ఇక ఇక్కడికి రావద్దు, మీ దేశం వెళ్ళిపోండి అన్నాడు. చక్కెర అంతా తీసుకెళ్ళారు. జిలెటిన్ మూట ఒక్కటీ ముట్టలేదు.

తలనొప్పి

రిగ్గై వైపు నడుస్తున్నాం. ఓబులేసు రెండు చేతులతో తల పట్టుకొని నడుస్తున్నాడు.

"తల నొస్తాందా అన్నా?" అన్నాను.

"ఇంగా ల్యా. కోరీలో ఆ మందు చేత్తో పట్టుకుంటేనే అర్ధగంటకు తల పగిలిపోతాది. నేనేమో కడుపుకు తింటి. ఎప్పుడొస్తాదా అని చూస్తాండా."

నేను ఆగిపోయాను. అది తినేదేనని కెప్టెన్‌కు చెబుతుంటే వినలేదా అని అడిగాను.

"ఆయప్పకు అరబ్బీలో ఏమో చెప్తివి, నాకేం తెలుసు? నాకు తెలుగులో పేల్తాదని చెప్తివి. ఐదుపూటలా నమాజు చేసేటోడివి, నాతో అబద్ధమెందుకు చెప్తావనుకుంటి."

"మరి ఎందుకు తింటివన్నా?"

ఆయన ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

"తుపాకీతో అయితే ఇద్దరం పోతాం. దీంతో అయితే నేనొగన్నే కదా."

ఆ ఎండలో రోడ్డు పక్కన నిలబడి నేను ఆయనకు మొత్తం చెప్పాను. జిలెటిన్ అంటే ఏమిటో, క్వారీ జిలెటిన్ ఏమిటో, మొదటి రోజు నేనేం చేశానో. ఎప్పుడో ఒక్క నిమిషంలో చెప్పవలసింది. విన్నాడు. తిట్టలేదు. "అట్లనా" అని తల మీది చేతులు దించుకున్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని ముప్పై ఏళ్ళకు పైగా అనుకుంటున్నాను.

తర్వాత బాగ్దాద్ మీదుగా బస్సులో జోర్డాన్, అక్కడి గుడారాలు, బొంబాయి విమానం. దారిపొడవునా ఓబులేసు ఒక్కటే తమాషా చేసేవాడు. ఎవరు ఏ తిండి పెట్టినా ముందు నా వైపు చూసి, "ఎర్రదారమా, తెల్లదారమా?" అనేవాడు.

ఉత్తరం

యుద్ధం ముగిశాక నేను మళ్ళీ కువైట్ వెళ్ళాను. ఫ్యాక్టరీకి కప్పు ఉంది, యంత్రాలు లేవు. అబూ సమీర్ మళ్ళీ రాలేదు. వాళ్ళ నాయకులు ఇరాక్ పక్షాన నిలిచారని పాలస్తీనా వాళ్ళకు ఆ దేశంలో చోటు లేకుండా పోయింది. ఆయన ఖాళీ కుర్చీ చూసినప్పుడల్లా పొగ వాసన వచ్చేది.

అప్పటి నుంచి పదవీ విరమణ దాకా ఒక్క పద్ధతి తప్పలేదు. ఏ కొత్త మనిషి గోదాములోకి వచ్చినా మూట విప్పి, గుప్పెడు పొడి ఆయన చేతిలో పోసి, ఇది ఏమిటో, ఏ జంతువుదో, ఆయన భాషలో చెప్పేవాణ్ణి. మలయాళీకి, బెంగాలీకి వాళ్ళ భాష వచ్చినవాణ్ణి పిలిపించేవాణ్ణి. ఆవుదని తెలిసి కొందరు హిందువులు మోయలేమన్నారు. వాళ్ళను చక్కెర వైపు మార్చాను. పని ఆలస్యమైంది, కొత్త మేనేజర్ విసుక్కున్నాడు, మూటలు చినిగాయి కూడా. పిల్లలూ, మీ మీదివాళ్ళకు ఇది నచ్చదు. అయినా చేయండి. సరుకు తినేవాడికి ఎంత హక్కుందో మోసేవాడికి అంతే ఉంది.

యుద్ధంలో ఎక్కడో ఆగిపోయిన పోస్టు సంచులు కొన్ని ఆ ఏడాది మాకు చేరాయి. వాటిలో ఎర్రదారం మూటల సప్లయర్ రాసిన ఉత్తరం ఉంది. ఆలస్యానికి క్షమాపణ కోరుతూ సర్టిఫికెట్ పంపాడు. ఆ ఆరు మూటలూ ఆవు తోళ్ళవి. విధి ప్రకారం జబహ్ చేసినవి, అంటే అల్లాహ్ పేరు చెప్పి కోసినవి. స్వచ్ఛమైన హలాల్.

ఆ కాగితం చేతిలో పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. చెప్పకపోతే ఓబులేసుకు ఎప్పటికీ తెలియదు. తాను తిన్నది పందిదేనని అనుకుంటున్నాడు, ఆయనకు దాంతో పేచీ లేదు. ఆవు వేరు. చెప్పి ఆయన మనసు నొప్పించడం ధర్మమా? ఖాదర్ సాహెబ్‌ను అడిగాను. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ, నీకు జవాబు తెలిసే అడుగుతున్నావు అన్నాడు.

సెలవులకు వచ్చినప్పుడు మంగంపేట వెళ్ళాను. ఓబులేసు గనుల గేటు దగ్గర టీ అంగడి పెట్టుకున్నాడు. నన్ను చూసి బెంచీ తుడిచి కూర్చోబెట్టాడు. దూరంగా బండ పేలిన చప్పుడుకు గ్లాసులు కదిలాయి. ఇక్కడ జిలెటిన్ అంటే అదే.

"ఓబులేసన్నా, ఆ మూట పందిది కాదంట. ఉత్తరమొచ్చింది" అన్నాను.

"మరి?"

"ఆవుది."

ఆయన చేతిలో గిన్నె అలాగే ఉంది. పొయ్యి మీద పాలు పొంగబోతుంటే మంట తగ్గించాడు.

"అయితే నువ్వే తినింటే సరిపోయేది గదా సాబన్నా" అన్నాడు.

నవ్వుతున్నాడేమోనని చూశాను. నవ్వలేదు. తలొంచుకున్నాను. కాసేపటికి నా ముందు గ్లాసు పెట్టిన చప్పుడైంది. వేళ్ళు లేని చేయి గ్లాసు పక్కనే ఆగింది.

"బర్రెపాల టీ. నిజమే చెప్తాండా, తాగు."

అప్పుడు నవ్వాడు. బిస్మిల్లా అని తాగాను.